రెండో కాక

రెండు వేళ్ళు తీసేశారని చెప్పి రేఖ ఫోను పెట్టేసింది.

నిర్మల ఫోనును చెవి దగ్గరే పట్టుకుని నిలబడిపోయింది. కుడి చేతి చూపుడు వేలు, దాని పక్కది. నిన్నటిదాకా డాక్టర్లు అతికించి చూద్దామన్నారు. ఈ పొద్దున రౌండుకు వచ్చి, రంగు మారిందని, ఇక ఉంచితే అరచేతికి పాకుతుందని చెప్పారట. ఇదంతా రేఖ ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే నిర్మలకు కొంత నయంగా ఉండేది.

ఏమన్నారని సత్తెమ్మ అడిగింది. నిర్మల చెప్పింది. అత్త చేతిలో ఉన్న రొట్టెల గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్ళెం ముందు కూర్చున్న నిర్మల భర్త జగదీశ్ తల ఎత్తలేదు. తుంచిన రొట్టె ముక్క పప్పులో నానిపోతున్నా, దాని మీది వేళ్ళు కదలలేదు.

శ్రావణ్‌కుమార్ నిర్మల ఒక్కగానొక్క తమ్ముడు, రేఖ భర్త. మహేశ్వరం దగ్గర ఊళ్ళో బర్లు పెట్టుకుని పాలు పోస్తాడు. గురువారం సాయంత్రం గడ్డి మిషన్ నడుపుతుంటే లోపలి బ్లేడు పెళ్ళున విరిగి, ఆ ముక్క అతని చేతి మీదికి వచ్చింది. ఆ బ్లేడు ఈ ఇంటి వెనక షెడ్డులో తయారైందే. కాల్చింది, నూనెలో ముంచింది, పదును పెట్టి ఇచ్చింది అతని సొంత బావ జగదీశే.

అప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా అది బ్లేడు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

"నూనె ఖరాబ్ జేసినంక ఇనుము ఏం జేస్తది?" అన్నాడు జగదీశ్, పళ్ళెంలోకి చూస్తూనే.

గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న పాండు చేయి ఆగింది. అతను జగదీశ్‌కు తమ్ముడు. షెడ్డు ఇద్దరిదీ. సరుకు తేవడం, నూనె చూసుకోవడం పాండు పని. భట్టీ దగ్గర నిలబడేది అన్న. తొట్టిలో నూనె తగ్గితే పోయిన నెల పాండు పాత నూనె వడకట్టి కొత్త నూనెలో కలిపాడు. దాన్ని దాచలేదు కూడా, అందరి ముందే కలిపాడు. ఆ రోజు సరేనన్న జగదీశ్ నిన్నటి నుంచి ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడుతున్నాడు.

తన మీదికి తోస్తే వేళ్ళు తిరిగొస్తాయా అని పాండు అడిగాడు. వేళ్ళు రావు గాని నిజం రావాలి కదా అన్నాడు జగదీశ్. నిజం కావాలంటే షెడ్డులోకి రమ్మన్నాడు పాండు. ఇంట్లో మాట వీధిలో వినపడుతోందని సత్తెమ్మ ఇద్దరినీ కసిరింది. పైన విమానం కిందికి దిగుతూ వెళ్ళింది. ఆ మోతకు ముగ్గురూ నోళ్ళు మూసుకుని, అది దాటిపోగానే అక్కడి నుంచే మళ్ళీ అందుకున్నారు. విమానాశ్రయం పక్కనున్న మంఖాల్‌లో కాపురమున్న వాళ్ళకు కొట్లాటలో కూడా అది అలవాటే.

నిర్మలకు ఒళ్ళు మండిపోయింది. తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి వీళ్ళకు ఇన్ని మాటలు దొరుకుతున్నాయి. ఆమె గురువారం రాత్రి నుంచి అడుగుతున్న ప్రశ్నకు మాత్రం ఒక్కరూ జవాబు చెప్పడం లేదు.

"ఆ బ్లేడ్లు ఇంకెవలకు ఇచ్చిండ్రు?" అంది మళ్ళీ. "అవి ఇంక తిరుగుతున్నయి గద. ఆళ్ళ చేతులు చేతులు గావా?"

జగదీశ్ పళ్ళెం పక్కకు జరిపి, చేయి కడుక్కుని, వెనక తలుపు తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ఒకప్పుడు ఆ షెడ్డు ఉన్న చోట వీళ్ళ జొన్నచేను ఉండేది. చుట్టూ ఇప్పుడు రంగు పూసిన హద్దురాళ్ళు, ముళ్ళకంపలు. అటు మూల ఒక గోదాము లేస్తోంది. అన్నదమ్ములు మాత్రం తమ వంతు అమ్ముకోకుండా రేకుల షెడ్డు వేసి, లారీ కమాను పట్టీలు తెచ్చి, గడ్డి మిషన్లకు బ్లేడ్లు చేయడం మొదలుపెట్టారు. పేరు తెచ్చింది శ్రావణ్‌కుమారే. మా బావ చేసినవి అంటూ పాలకేంద్రం దగ్గర కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. తన మిషన్ దగ్గరికి పిలుచుకెళ్ళి, ఎండిన జొన్నచొప్ప పెట్టి కోసి చూపించేవాడు.

అన్న వెనకే షెడ్డులోకి వచ్చి, నూనె సంగతి తేల్చడానికి పాండు భట్టీ వెలిగించాడు. నిర్మల వచ్చి తొట్టి పక్కన నిలబడింది. సత్తెమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

ఒకే పట్టీ నుంచి కోసిన రెండు బ్లేడ్లను అతను భట్టీలో పెట్టాడు. నలుపు ఎరుపయింది, ఎరుపు పండి నారింజ రంగుకు తిరిగింది. పట్టకారుతో ఒకదాన్ని బయటికి తీసి అయస్కాంతం దగ్గరికి తెచ్చాడు. అంటుకోలేదు. ఆ కాకకు వచ్చిందంటే ఇనుము నూనెకు సిద్ధమైనట్టే. నిలువుగా పట్టుకుని తొట్టిలోకి దించాడు. భగ్గున మంట లేచి, నూనె బుసలు కొట్టి, తెల్లటి పొగ రేకుల దాకా పోయింది. కాసేపు పైకీ కిందికీ ఆడించి తీసి, రెండో దాన్నీ అలాగే ముంచాడు.

చల్లారిన తరువాత ఆకురాయితో గీశాడు. ఆకురాయి అద్దం మీద జారినట్టు జారింది.

"నూనె పని జేసినట్టేనా అన్న?" అన్నాడు.

జగదీశ్ ఆ బ్లేడు అందుకుని, తిప్పి చూసి, కింద పెట్టాడు.

నిర్మలకు ఈ పని బాగానే తెలుసు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ పొగ పీలుస్తూనే ఉంది. బ్లేడ్లు తుడిచి, కాగితాలు చుట్టి, కట్టలు కట్టేది ఆమే. నూనెలో ముంచగానే ఇనుము గట్టిపడుతుంది. కాని ఆ గట్టిదనం ఒట్టి పెళుసు. అందుకని రెండో కాక పెట్టాలి. కరెంటు పొయ్యిలో సన్నటి వేడి మీద ఉంచి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. అప్పుడే దెబ్బ ఓర్చుకుంటుంది. మొదటి కాక కంటికి కనపడుతుంది, మంట లేస్తుంది, చూసేవాళ్ళకు సంబరంగా ఉంటుంది. రెండో దానిలో చూడటానికి ఏమీ ఉండదు. పొయ్యిలో పెట్టి తలుపు మూయడమే.

పాండు ఒక బ్లేడును బయటే ఉంచి, రెండో దాన్ని పొయ్యిలో పెట్టడానికి తలుపు తెరిచాడు. లోపల వేడినిచ్చే తీగను చూసి, వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"తీగ కొత్తగున్నదేంది? ఎప్పుడు మార్చినవన్న?"

జగదీశ్ తొట్టి మీద మూత సర్దుతున్నాడు. మొన్నెప్పుడో అన్నాడు. తనకు చెప్పలేదేమని పాండు అడిగితే, ప్రతిదీ చెప్పాలా అన్నాడు.

ఆ తరువాత పొయ్యి ముందు వాళ్ళు చాలాసేపు కూర్చున్నారు. సత్తెమ్మ చాయ్ తెచ్చి ఇస్తే ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకున్నారు. ఇనుప ముక్క ఒకటి లోపల మెల్లగా వేడెక్కుతుంటే, బయట ఒకే తల్లి బిడ్డలు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూడకుండా చాయ్ తాగుతున్నారు. నిర్మలకు అక్కడ కూర్చోవడం కష్టంగా ఉంది. ఈ పరీక్ష అయ్యేదాకా ఎవరూ కదలరు. ఆ కదలని ప్రతి నిమిషం ఎక్కడో ఒక మిషన్ తిరుగుతూనే ఉంటుంది. లేచి వెళ్ళిపోదామంటే, ఎవరెవరికి ఇచ్చారో చెప్పేవాళ్ళు లేరు.

చివరికి పాండు లేచాడు. రెండో కాక పెట్టని బ్లేడును దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఒక్క దెబ్బకే అది రెండు ముక్కలైంది. పొయ్యిలోంచి తీసి చల్లార్చిన దాన్ని కూడా అలాగే కొట్టాడు. ఖణేలుమంది గాని విరగలేదు. మళ్ళీ కొట్టాడు, ఇంకా బలంగా కొట్టాడు. కొద్దిగా వంగింది, అంతే.

ఒకటే ఇనుము, ఒకటే నూనె.

అప్పుడు పాండు అటక మీద నుంచి, శ్రావణ్‌కు ఇచ్చిన కట్టలో మిగిలిపోయిన బ్లేడు తీసి దాగలి మీద పెట్టాడు. సుత్తి ఎత్తి, అన్న వైపు చూశాడు. జగదీశ్ కళ్ళు తిప్పుకోలేదు. సుత్తి పడింది. బ్లేడు చిన్న పిల్లాడి చేతిలో పలకలా విరిగింది.

"దీనికి రెండో కాక పడలేదన్న," అన్నాడు పాండు. గొంతులో గెలుపు లేదు. ఏదో పోగొట్టుకున్న వాడిలా ఉన్నాడు. "ఆ దినం నేను ఈడ లేను. పొయ్యి కాడ నువ్వే ఉన్నవ్."

జగదీశ్ విరిగిన ముక్క తీసుకుని, విరిగిన చోట బొటనవేలితో రుద్దాడు. బూడిద రంగు గరుకు. నిర్మల అతనికి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

"నాకేం ఎరుక," అన్నాడతను.

పదిహేడేళ్ళుగా ఆ మనిషితో బతుకుతోంది. అతను అబద్ధం చెప్పినప్పుడు ఎలా ఉంటాడో తెలుసుకునే అవసరం ఆమెకు ఎప్పుడూ పడలేదు. అందుకే ఇప్పుడు అతని మొహం చూసి ఏదీ తేల్చుకోలేకపోయింది.

స్కూటీ తాళాలు తీసుకుని బయటికి వచ్చింది. సత్తెమ్మ వెంటపడి చేయి పట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి బ్లేడ్లు వెనక్కి అడిగితే రేపటి నుంచి ఈ గేటు తొక్కేవాడుండడని, మగవాళ్ళు ఏదో ఒక దారి చూస్తారని, రెండు రోజులు ఆగమని బతిమాలింది. ఆమె మాటల్లో చెడ్డతనం లేదు. భయం ఉంది. నిర్మలకు అది అర్థమయ్యింది గాని ఆగాలనిపించలేదు.

"మా తమ్మునికి ఆగింది చాలదా అత్తమ్మా," అంది.

పాండు గేటు దాకా వచ్చి, ఆ కట్టలోంచి బయటికి పోయినవి ఎవరెవరికో చెప్పాడు. తెలిసిన వాళ్ళకే ఇచ్చారు, అదీ శ్రావణ్ చెబితే వచ్చిన వాళ్ళకు. మిగతావి ఇంకా దుకాణాలకు వెళ్ళలేదు. శ్రావణ్ ఊళ్ళోనే దుర్గవ్వకు ఒక జత, ఆమె ఇంటి వెనక సోమయ్యకు ఒకటి. ఇంతేనా అని అడిగితే ఇంతేనన్నాడు. తానూ వస్తానన్నాడు. షెడ్డులో మిగిలినవి ఎవరి చేతికీ పోకుండా చూడమని చెప్పి నిర్మల బండి తీసింది.

శ్రీశైలం రోడ్డు ఎక్కేసరికి ఎండ ముదిరింది. ఏమని చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంటూ పోయింది. మా బ్లేడు మంచిది కాదు అనాలా? మార్చి ఇస్తాం అనాలా? అడిగిన వాళ్ళకు శ్రావణ్ వేళ్ళ సంగతి చెప్పాలా, వద్దా? ఏ మాట పెట్టి చూసినా అది జగదీశ్ మెడకే చుట్టుకుంటోంది. అతని మీద కోపం ఉంది. కాని ఆ మెడకు ఏదైనా చుట్టుకుంటుందంటే భయంగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి మోయాల్సి రావడం ఆమెకు అన్నిటికంటే చిరాకు తెప్పించింది.

దుర్గవ్వ ఇంటి మలుపు తిరగకముందే మోటారు చప్పుడు వినపడింది.

బండికి స్టాండు కూడా సరిగా వేయలేదు. పరుగున కొట్టంలోకి వెళ్ళింది. దుర్గవ్వ గడ్డి మోపు గుండెకు ఆనించుకుని, చేతులతో నెట్టి మిషన్‌కు అందిస్తోంది.

"బంజెయ్యి దుర్గవ్వా. చెయ్యి తియ్యి, బంజెయ్యి."

ముసలామె ఉలిక్కిపడి మోటారు ఆపింది. చక్రం తిరిగి తిరిగి నిలిచింది. నిర్మల మిషన్ మీద చేయి ఆనించి ఊపిరి తీసుకుంది. కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయింది. బ్లేడ్లు విప్పాలి, ఇప్పుడే విప్పాలి, ఇక నడపొద్దు అని మాత్రం చెప్పగలిగింది.

దుర్గవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"మల్లెందుకు బిడ్డా? మొన్ననే మార్చిపాయె గద మీ ఆయన."

నిర్మలకు ముందు అర్థం కాలేదు. ఎవరు మార్చారని అడిగింది. జగదీశే వచ్చాడని, తాను పాలు పోసి వచ్చేసరికి గడప ముందు కూర్చుని ఉన్నాడని, పానాలు తానే తెచ్చుకుని పాతవి విప్పి వేరేవి బిగించి, మిషన్ నడిపి చూపించి మరీ పోయాడని దుర్గవ్వ చెప్పింది. సోమయ్యది కూడా అప్పుడే మార్చాడట. నీళ్ళు తాగమంటే కూడా ఆగలేదట.

"ఏ దినం?"

"సోమారం. సొసైటీల పాల పైసలిచ్చే దినం గద, నాకు మంచిగ యాదున్నది."

"ఎందుకు మారుస్తున్నవని అడగలేదా?"

"అడిగిన. గవి ఇరుగుతయవ్వా, నడపకు అన్నడు. తప్పు నాదే అన్నడు. ఎవలకు చెప్పకు అన్నడు." అంటూ దుర్గవ్వ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు చెప్పొచ్చనుకున్న బిడ్డా. నువ్వు ఆయన పెండ్లానివే గదా."

దుర్గవ్వ చేతులు భద్రంగానే ఉన్నాయి. సోమయ్య చేతులూ భద్రమే. పొద్దుటి నుంచి ఆమె దేనికోసం కొట్టుకులాడిందో ఆ పని ఎప్పుడో అయిపోయింది. నిర్మలకు ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. ఆ వెంటనే సోమవారం అన్న మాట లోపల గుచ్చుకుంది.

శ్రావణ్ చేయి తెగింది గురువారం.

కొట్టం బయట కంప నీడలో నిలబడి ఆమె భర్తకు ఫోను చేసింది. అతను వెంటనే ఎత్తాడు. వెనక భట్టీ ఊదే ఫ్యాను చప్పుడు వినపడుతోంది.

"దుర్గవ్వ ఇంటి కాడ ఉన్న," అంది.

ఏమైందని అతను అడిగేలోపే మళ్ళీ తనే అంది.

"నాకేం ఎరుక అన్నవ్ గద పొద్దుగాల. సోమారమే వచ్చి మార్చిపోయినవంట."

ఫ్యాను ఆగింది. అతను ఆపి ఉంటాడు. తరువాత మెల్లగా చెప్పుకొచ్చాడు. పొయ్యి మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉందట. ఆ కట్ట సాయంత్రం లోపల పెట్టి, మర్నాడు పొద్దున తీశాడు. చల్లగా ఉంటే, కాక పడి చల్లారి ఉంటాయనుకున్నాడు. ఆదివారం ఇంకో కట్ట పెట్టి మధ్యలో తెరిచి చూస్తే లోపల వేడే లేదు. తీగ ఎప్పుడో కాలిపోయింది, దీపం మాత్రం వెలుగుతోంది. ఆ రోజే తీగ మార్చి, తెల్లారి బ్లేడ్ల కోసం తిరిగాడు. కావాలని చేసింది కాదు. కాని తెలిసిన తరువాత పాండుకు చెప్పడానికి నోరు రాలేదు. ఇరవై ఏళ్ళుగా పొయ్యి దగ్గర నిలబడ్డ వాడు చల్లటి పొయ్యిని కనుక్కోలేకపోయాడంటే ఏమనుకుంటారు?

నిర్మల అంతా విన్నది.

"ఊరోళ్ళవన్ని మార్చినవ్. మా తమ్ముని ఇంటికి ఎందుకు పోలే?"

"పోయిన."

"ఎప్పుడు?"

"సోమారమే. అందరికన్న ముందుగాల ఆడికే పోయిన. బ్లేడ్లు ఇయ్యలే వాడు."

"ఇరుగుతదని చెప్పినవా?"

"చెప్పిన."

నిర్మల కంప మీద చేయి వేసింది. ముల్లు దిగినా చేయి వెనక్కి తీసుకోలేదు.

"మరి గీ మాట ఇన్నొద్దులు ఎందుకు దాచినవ్?"

"ఏమని చెప్పాలె? ఏళ్ళు తెగి పండుకున్నోని మీద, నేను చెప్తే వాడే ఇనలేదని చెప్పాల్నా? ఎవలు నమ్ముతరు?" అన్నాడు జగదీశ్. "నువ్వు నమ్ముతవా?" అన్నాడు.

నమ్ముతానని చెప్పడానికి ఎంతసేపో పట్టదు. ఆ మాట నిర్మల నోటికి రాలేదు. అవతల అతను ఎదురు చూస్తున్నాడని తెలుసు. ఫోను పెట్టేసింది.

శంషాబాద్ దవాఖానలో శ్రావణ్‌కుమార్ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కుడి చేయి మోచేతి దాకా తెల్లటి కట్టులో, దిండు మీద ఎత్తుగా పెట్టి ఉంది. మొహం పాలిపోయింది. గడ్డం పెరిగింది. అమ్మ పోయినప్పుడు వీడు ఇంకా చంకదిగని పిల్లాడు. అన్నం తినిపించింది, బర్రె పొదుగు కింద కూర్చోబెట్టి పాలు పిండటం నేర్పింది తనే. ఆ వేళ్ళను తన వేళ్ళలో పట్టుకుని నేర్పింది.

రేఖ చాయ్ కోసం కిందికి పోయిందని చెప్పాడు. సాయంత్రం ఆమె అన్న మల్లేశ్వర్ వస్తాడని, పోలీసు వాళ్ళను తీసుకొస్తాడని, వద్దన్నా వినడం లేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూశాడు.

నిర్మల స్టూలు జరుపుకుని కూర్చుంది. ఎలా ఉందని అడిగింది. నొప్పి తగ్గిందన్నాడు. లేని వేళ్ళు దురద పెడుతున్నాయన్నాడు. ఆ మాటకు ఆమె ఇంకేమీ అడగకుండా లేచి వెళ్ళిపోదామనుకుంది. కాని వెళ్ళి ఎవరి మొహం చూడాలి?

"సోమారం నాడు మీ బావ మీ ఇంటికొచ్చిండా?"

శ్రావణ్ ఎడమ చేత్తో దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"వచ్చిండు," అన్నాడు చివరికి.

ఈ సంగతి తనకు ఎందుకు చెప్పలేదని అడిగింది. చెప్పడానికి ఏముందన్నాడు. వచ్చాడు, బ్లేడ్లు విప్పి ఇవ్వు వేరేవి బిగిస్తా అన్నాడు. బర్లు ఆకలికి ఒర్లుతున్నాయి, గడ్డి కోయాలి, రేపు రా బావా అన్నాడు తను. ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇంతే.

"ఇరుగుతదని చెప్పిండా?"

"చెప్పలే."

"మంచిగ యాద్ చేస్కో తమ్మీ. దుర్గవ్వకు చెప్పిండు. తప్పు నాదే అని సుత అన్నడంట. నీకు చెప్పకుండ ఉంటడా?"

"చెప్పలే అంటున్న గద." శ్రావణ్ ఇప్పుడు ఆమె వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గీ చెయ్యి చూసుకుంట సుత నన్నే అడుగుతవా అక్కా?"

నిర్మల ఆ తెల్లటి కట్టు వైపు చూసింది. ఒకడు చెప్పానంటాడు, ఒకడు చెప్పలేదంటాడు. ఇన్నేళ్ళూ ఒకే చేత్తో ఇద్దరికీ అన్నం పెట్టింది. ఇద్దరూ ఆమెను ఒకటే అడుగుతున్నారు. ఎవరి మాట నమ్మినా రెండో వాడు అబద్ధాలకోరు అవుతాడు. అవతల సాయంత్రానికి పోలీసులు వస్తారు.

ఫ్లాస్కు పట్టుకుని రేఖ లోపలికి వచ్చింది. ఆడపడుచును చూసి మొహం ముడుచుకుంది. పొద్దున ఫోనులో ఉన్న గొంతుతోనే, వచ్చినవా వదినె అంది. కాగితం గ్లాసులు తీసి కిటికీ అరుగు మీద పెట్టింది. తన అన్న బయలుదేరాడని, ఈసారి ఎవరు అడ్డుపడినా ఆగేది లేదని, చుట్టం చేసిన పని అని ఊరుకుంటే రేపు ఇంకొకరి చేయి పోతుందని, ఎవరినీ చూడకుండా చెప్పింది. చాయ్ పోయడం మొదలుపెట్టింది.

ఊళ్ళో ఇంకొకరి చేయి పోదు. నిర్మల ఆ మాట చెప్పవచ్చు. దుర్గవ్వ కొట్టంలో చూసి వచ్చింది చెప్పవచ్చు. కాని ఆమె అడగాలనుకున్నది వేరే.

"రేఖా, సోమారం నాడు మా ఆయన మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

చాయ్ ధార ఆగింది.

"రేఖా," అన్నాడు శ్రావణ్ మంచం మీద నుంచి. ఇంకేమీ అనలేదు.

రేఖ ఫ్లాస్కు నిలబెట్టింది. మూత తీసుకుని బిగించింది. బిగిసిన తరువాత కూడా తిప్పుతూనే ఉంది.

"ఉన్న వదినె," అంది. "పాలు పిండుతున్న."

ఆ కొట్టంలో బర్రెల కింద కూర్చుంటే గడ్డి మిషన్ చేయి చాపినంత దూరంలో ఉంటుంది, దాని దగ్గర అన్న మాట వినపడకుండా ఉండదు. నిర్మల పెరిగిన ఇల్లే అది.

శ్రావణ్ కళ్ళు మూసుకున్నాడు. రేఖ మెడ వంచుకుని గ్లాసుల వైపే చూస్తోంది. వరండాలో బూట్ల చప్పుడు ఆగి, ఎవరో మగమనిషి నర్సును, శ్రావణ్‌కుమార్ అనే పేషెంటు ఏ రూములో ఉన్నాడని అడుగుతున్నాడు.